మా అమ్మ అనని నాలుగు మాటలు

ముందుగా నా దస్తూరీకి క్షమించాలి. ముప్పై నాలుగేళ్ళు ఫెర్రీ తాడు పట్టిన చేతికి కలం ఇస్తే అది కలాన్నీ తాడులాగే తిప్పుతుంది. చదివింది నాలుగో తరగతి, అందులోనూ బడి కప్పు గాలికి ఎగిరిపోయిన ఏడాది సగమే చదివాను. ఒత్తు ఎక్కడ పెట్టాలో తెలియని చోట పెట్టలేదు, అనుమానం వచ్చిన చోట రెండు పెట్టాను. చదివేవాడు సర్దుకోవాలి.

చదివేవాడు సత్యారావు. నేను వెనక తలుపు దగ్గర, గొడుగులు ఆరబెట్టిన మూల కూర్చున్నాను. ఈ మాట వినగానే అందరూ వెనక్కి తిరిగి నన్ను చూస్తారని తెలుసు కనక, ఆ చూడటమేదో ఇప్పుడే ఒక్కసారి చూసేసి, దయచేసి ముందుకు తిరగండి. (సత్యారావూ, వాళ్ళు తిరిగేదాకా ఆగు.)

సభాధ్యక్షులు, మన తెలుగు సంఘానికి పద్నాలుగేళ్ళుగా పెద్దదిక్కు అయిన దక్షిణామూర్తిగారికి నమస్కారం. ఈవేళ వీడ్కోలు శాలువా కప్పించుకుని ఉక్కపోతకి ఓర్చుకుంటున్న అరుణకుమారి టీచరుగారికి నమస్కారం. డిగ్నాబాదు నుంచీ, మిడిల్ పాయింటు నుంచీ వానలో వచ్చిన పెద్దలకీ, టీ ఎప్పుడిస్తారా అని తలుపు వంక చూస్తున్న మిత్రులకీ నమస్కారం. మూడో వరసలో కూర్చుని పక్కనున్న గవరమ్మగారితో ఇప్పటికే నా గురించి ఏదో చెబుతున్న నా భార్య కాసులమ్మకి కూడా నమస్కారం. పెళ్ళయిన ముప్పై ఏడేళ్ళలో ఆవిడకి నేను పెట్టిన మొదటి నమస్కారం ఇదే. అది ఎందుకు అవసరమైందో కాసేపట్లో అందరికీ తెలుస్తుంది.

నన్ను మాట్లాడమని సంఘంవాళ్ళు ఎందుకు అడిగారో చెప్పాలి. నా పేరు యర్రయ్య. చాథం జెట్టీకీ బంబూఫ్లాటుకీ మధ్య తిరిగే ఫెర్రీలో ఖలాసీగా చేసి రిటైరయ్యాను. ఆ ఉద్యోగంలో నేను వాడిన మాటలు రెండే, చఢో, ఉతరో. ఎక్కండి, దిగండి. ఆ రెండింటితోనే పిల్లల్ని పెంచాను, ఇల్లు కట్టాను. అలాంటివాణ్ణి మైకు ముందు నిలబెట్టడం దేనికంటే, మన రీడింగు రూము వరండాలో టీచరుగారు నడిపిన మాటల బోర్డుకి అందరికంటే ఎక్కువ మాటలిచ్చింది నేనేనట. సత్యారావు పాత నోటుపుస్తకం తిరగేసి లెక్క తేల్చాడు. నేను మాట్లాడలేను, రాసిస్తాను, నువ్వు చదువు అన్నాను. "అచ్ఛా తాతగారూ, ఒక్క ముక్క వదలకుండా చదువుతాను" అని వాడు మాటిచ్చాడు. వాడు తన ఇష్టంకొద్దీ ఇచ్చిన మాట అది. వదిలితే నాకు తెలుస్తుంది. నా జేబులో ఇంకో ప్రతి ఉంది.

బోర్డు సంగతి మనందరికీ తెలుసు గాని, ఈమధ్యే బదిలీ మీద వచ్చినవాళ్ళు కొందరు ఉన్నారు, వాళ్ళ కోసం చెబుతాను. టీచరుగారు అరవై ఏడులో ఈ దీవికి రెండేళ్ళ ఉద్యోగానికని ఒక ట్రంకుపెట్టెతో వచ్చారు. చుట్టపుచూపుగా వచ్చిన మనిషి ముప్పై ఒక్క ఏళ్ళు ఉండిపోయారు. ఇక్కడ పుట్టిన పిల్లలు తెలుగు మాట్లాడతారు గాని, వాళ్ళ తెలుగులో నూరు మాటలు కూడా మిగల్లేదని ఆవిడకి దిగులు పట్టుకుంది. పంతొమ్మిదేళ్ళ కిందట, చేపల రేవుకి దిగే దారిలో మన వరండాలో ఒక నల్లబోర్డు వేలాడదీశారు. రోజుకో మాట, కింద దాని అర్థం, ఆ కింద ఇచ్చినవారి పేరు, ఆ కింద 'ఎవరనేవారు' అని ఒక గీత. అమ్మ అనేదనో తాత అనేవాడనో అక్కడ రాయాలి.

ఆవిడ పెట్టిన షరతు ఒకటే. చదివిన మాట వద్దు, ఇంట్లో విన్న మాటే కావాలి. ఈ షరతులో ఆవిడ ఎంత గట్టి మనిషంటే, ఒకసారి అధ్యక్షులవారు ఎంతో పెద్ద మాట ఒకటి, పలకడానికే రెండుసార్లు ఊపిరి తీసుకోవలసినది, తెచ్చి ఇచ్చారు. టీచరుగారు అందంగా రాసి, "ఎవరనేవారండీ?" అని అడిగారు. ఈయన, "ఎవరో ఎందుకంటారమ్మా, నిఘంటువులో ఉంది" అన్నారు. ఆవిడ అక్కడికక్కడే తుడిచేశారు. ఆరోజు బోర్డు ఖాళీగా ఉంది. (ఇక్కడ నవ్వుతారు. అధ్యక్షులవారు నవ్వేదాకా ఆగు, సత్యారావూ. ఆయన నవ్వకపోతే మాత్రం ఎక్కువసేపు ఆగకు.)

ఆ బోర్డు వల్ల మా జంగ్లీఘాటు పేటలో బతుకులు మారాయి. నమ్మండి, నమ్మకపోండి. 'ఒబ్బిడి' అని రాసిన వారం ఓడ రాలేదు. ఉల్లిపాయలు లేవు. ఉన్నదాన్ని పొదుపుగా నడుపుకురావడం ఒబ్బిడి అని బోర్డు మీద చదివించుకుని వచ్చిన కాసులమ్మ, ఒక్క ఉల్లిపాయతో నాలుగు రోజులు కూరలు వండింది. అయిదో రోజున ఆ పాయని నాకు చూపించింది, ఇంకా సగం ఉంది. 'పొలమారు' అని రాసిన రోజు నుంచి గవరమ్మగారింట్లో ఎవరికి పొలమారినా నీళ్ళివ్వడం మానేశారు. ఎవరు తలచుకుంటున్నారో తేలాలని ఆవిడ ఆవలి ఒడ్డున ఉన్న చుట్టాల పేర్లన్నీ వరసగా చెబుతారు. చుట్టాలు బాగా ఎక్కువ. పేర్లు ఇంకా సాలూరు దాకా రాకుండానే దగ్గు దానంతటదే తగ్గిపోతుంది.

'నిష్ఠూరం' రాసిన రోజు మా ఇంట్లో పండగ. అంతకుముందు కాసులమ్మ రోజూ చేసేదానికి పేరు లేక నేను సణుగుడు అనేవాణ్ణి. "సణుగుడు కాదు, నిస్టూరం. బోర్డు మీదున్నాది, ఎల్లి సూసుకో" అంది. ఆవిడకి చదువు రాదు. అయినా ఎన్ని పనులున్నా తట్ట దించి, వరండా ముందు నిలబడి, దారిన పోయే ఎవరినో ఒకర్ని, "ఏటి బాబూ, ఇయ్యాల ఎవరి మాట?" అని అడగనిదే కదిలేది కాదు. మాట ఏమిటని అడగదు. ఎవరి మాట అని అడుగుతుంది. ఆ తేడా దయచేసి గుర్తుపెట్టుకోండి.

నా పేరు మొదటిసారి బోర్డు ఎక్కింది మాట ఇచ్చినందుకు కాదు. ఒకరోజు 'ముక్తసరి' అని ఉంది. అర్థం, రెండు మాటల్లో తేల్చేయడం. ఉదాహరణ, ఫెర్రీ యర్రయ్యగారు. ఆరోజు ఫెర్రీ ఎక్కినవాళ్ళంతా నన్ను చూసి నవ్వారు. ఆడవాళ్ళు కూడా నవ్వారు. నాకు ఒళ్ళు మండి, డ్యూటీ దిగగానే టీచరుగారిని నిలదీద్దామని వెళ్ళాను.

"ఏం యర్రయ్యగారూ?" అన్నారు.

"ఏం లేదమ్మా" అన్నాను.

"చూశారా, ఉదాహరణ ఎంత బాగా సరిపోయిందో" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి కాసులమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. దేనికి రాశారో ఆవిడకి అక్కర్లేదు. "నీ పేరు బోర్డుకెక్కినాదంట" అని, ఆ పూట చేప తలకాయ నాకే వేసింది. నేను ఆ ముఖం చూశాను. ఆ తర్వాత నేను చేసినదంతా ఆ ముఖం కోసమే చేశాను. ఇది తప్పించుకోవడానికి చెబుతున్నది కాదు. ఎలా జరిగిందో చెబుతున్నాను.

ఇక అసలు సంగతి. (సత్యారావూ, నీళ్ళు తాగు. నువ్వు చదవాల్సిన కష్టమైన భాగం వస్తోంది.)

టీచరుగారు ఆ పంతొమ్మిదేళ్ళ మాటల్నీ ఒక నోటుపుస్తకంలోకి ఎక్కించారు. పదకొండు వందల పైచిలుకు మాటలు. వచ్చే శుక్రవారం ఓడలో విశాఖపట్నం తీసుకుపోతున్నారు. అక్కడ మాటల విషయం బాగా తెలిసిన ఒక పెద్దాయన ప్రతి మాటనీ, ఎవరన్నారో ఎక్కడన్నారో చూసి, నిజమని తేల్చాకే అది అచ్చుకి వెళుతుంది. ఆవిడ పెన్షను జీవితానికి ఉన్న ఒక్క ఆశ అదే. ఆ పుస్తకంలో నా పేరు కింద ఇరవై ఏడు మాటలున్నాయి. ఇరవై మూడు మా అమ్మ అన్నవి, భీమిలి దగ్గర మా ఇసక గుడిసెలో నా చెవులతో విన్నవి. మిగిలిన నాలుగూ మా అమ్మ అనలేదు. మా ఊళ్ళో ఎవరూ అనలేదు. అసలు ఎక్కడా ఎవరూ అనలేదు. నేను కల్పించాను.

అందులో ఒక్కటి దొంగదని ఆ పెద్దాయన పట్టుకుంటే, మిగతా పదకొండు వందల మాటల్నీ అదే కంటితో చూస్తాడు. అధ్యక్షులవారి మాటనే తుడిచేసిన మనిషి, అక్కడ ఆ పెద్దాయన ముందు తలవంచుకుని కూర్చోవాలి. నా వల్ల.

అయితే చాటుగా చెప్పవచ్చు కదా అంటారు. ఈ నెలలో మూడుసార్లు ఆ పనిమీదే వాళ్ళింటికి వెళ్ళాను. మొదటిసారి కాఫీ తాగి వచ్చాను. రెండోసారి పంపు కారుతుంటే బాగుచేసి వచ్చాను. మూడోసారి ఆవిడ పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నారు. "కాస్త తాడు కట్టిపెడతారా యర్రయ్యగారూ" అన్నారు. కట్టాను. ఆ నోటుపుస్తకం ఆ పెట్టెలోనే ఉంది. నా దొంగ మాటల మీద నా చేత్తోనే ముడి వేసి వచ్చాను. అదీ ఫెర్రీ ముడి, తెలియనివాళ్ళకి లొంగదు. దీన్నంతటినీ కలిపి ఏమంటారో 'మొహమాటం' అన్న మాట దగ్గర మీరే రాశారమ్మా. ఇచ్చినవారు యర్రయ్య. ఆ మాట మాత్రం నిజమైనదే.

మొదటి దొంగ మాట, జిబురు.

ఇప్పుడు హాల్లో గొణుగుడు మొదలై ఉంటుంది. గొణగండి. అది జరిగింది జూలైలో. నేను బోర్డు దగ్గరికి మాట ఇవ్వడానికి వెళ్ళలేదు, వానకి వరండాలో నిలబడ్డాను. ఆరోజు ఎవరూ మాట ఇవ్వలేదు. టీచరుగారు సుద్దముక్క పట్టుకుని, "ఇవాళ మీ ఇంట్లో ఏం మాట విన్నారు యర్రయ్యగారూ?" అన్నారు. ఏమీ వినలేదని చెప్పడానికి నోరు రాలేదు. నా చెయ్యి నా చొక్కా మీద ఉంది. మూడు రోజులు దండెం మీద ఆరేసినా ఆరని చొక్కా, పిండితే నీళ్ళు రావు, తొడిగితే ఒళ్ళు జిల్లుమంటుంది. "జిబురు" అని నా నోటినుంచి వచ్చేసింది.

"అంటే?"

"ఆరీ ఆరనిది."

"ఎవరనేవారు?"

"మా అమ్మ."

ఆవిడ కళ్ళజోడు మీదుగా నన్ను ఒక్క క్షణం చూసి రాసేశారు. అక్కడితో పోతుందనుకున్నాను. ఏడాదికి ఎనిమిది నెలలు వాన పడే చోట అలాంటి మాట పోతుందా? నెల తిరక్కుండా మిడిల్ పాయింటులో ఇస్త్రీ చేసే బీహారు ఆయన, "ఆజ్ సబ్ జిబురు హై, భయ్యా. కల్ ఆనా" అని నా బట్టలు నాకే తిప్పి పంపాడు. అప్పడాలు జిబురు, అగ్గిపుల్లలు జిబురు. పోయిన ఏడాది గవరమ్మగారు ఒక పెళ్ళి సంబంధం చూసి వచ్చి, "పిల్లోడు మంచోడే గానీ కాస్త జిబురు" అన్నారు. అందరికీ అర్థమైంది.

ఇంతవరకూ నేనొక్కణ్ణే పాపిని. కాని జిబురు పుట్టిన మరుసటి ఏడాది ఉగాది సభలో, ఇదే హాల్లో, ఇదే మైకులో, అధ్యక్షులవారు లేచి, జిబురు అన్న మాట తమ నాయనమ్మగారు నరసన్నపేటలో రోజూ అనేవారని, అది వినగానే తమకి కళ్ళు చెమర్చాయని చెప్పారు. టీచరుగారు దాన్ని కూడా నోటుపుస్తకంలో రాసుకున్నారు. ఇప్పుడు నేను నా మాట వెనక్కి తీసుకుంటే ఆ నాయనమ్మగారు ఒంటరైపోతారు. ఆవిడ ఆత్మకి నేను క్షమాపణ చెప్పుకుంటున్నాను. అధ్యక్షులవారు ఆవిడ తరఫున క్షమిస్తే చాలు. (సత్యారావూ, వేదిక వైపు చూడకు. చదువు.)

రెండోది దాటుమాట. తెలుగులో బయలుదేరి, మధ్యలో కడలి దాటి, హిందీలో ఒడ్డుకి చేరే మాట. దీనికి కారణం ఇప్పుడు మీ ముందు నిలబడి చదువుతున్నవాడే. వీడు టీచరుగారి సాయంత్రం క్లాసుకి వచ్చే రోజుల్లో ఒకరోజు హోంవర్కు చేయకుండా వచ్చి, "ఓడ లేటు హై కదా టీచరమ్మా, తో హోంవర్కు భీ లేటు" అన్నాడు. ఓడకీ హోంవర్కుకీ సంబంధమేమిటని ఆవిడ అడగనే లేదు, నవ్వు ఆపుకోవడానికి బోర్డు వైపు తిరిగారు. కిటికీ అవతల నేను విన్నాను. మర్నాడు దాటుమాట ఇచ్చాను. ఎవరనేవారు? మా అమ్మ. మా అమ్మకి హిందీ అనేది ఒకటుందని కూడా తెలియదు. (చదివావు కదా సత్యారావూ. వదల్లేదు. మంచివాడివి.)

మూడోది నేలూపు. టీచరుగారు ఎన్నో ఏళ్ళ తర్వాత సెలవుకి వెళ్ళి ఓడలో తిరిగివచ్చిన మర్నాడు, బోర్డు దగ్గర గోడ పట్టుకుని నిలబడ్డారు. "ఓడ దిగి ఒక రోజయింది. ఇంకా నేల ఊగుతోంది. నాకేదైనా జబ్బేమో యర్రయ్యగారూ" అన్నారు. అంత ధైర్యం గల మనిషి గొంతులో భయం ఉంది. ఖలాసీలకి ఇది కొత్తా? సముద్రం మీద నాలుగు రోజులుంటే, దిగాక రెండు రోజులు నేల ఊగుతుంది, తర్వాత నిలబడుతుంది. కాని అంత పొడుగు మాట నేను ఎన్నడూ మాట్లాడలేదు. "నేలూపమ్మా. రెండు రోజులు. మా అమ్మ అనేది" అన్నాను. ఆవిడ ముఖం తేటపడింది. "దీనికి మాట కూడా ఉందా" అని, గోడ వదిలేసి, సుద్దముక్క తీసుకుని రాశారు. ఊగుతూనే రాశారు. ఆ అక్షరాలు కాస్త ఒరిగి ఉన్నాయి.

ఆరోజు నాకొకటి అర్థమైంది. మనకి ఏదైనా అయినప్పుడు, దానికి ఒక మాట ఉందని ఎవరైనా చెబితే, అది మనకంటే ముందు ఇంకెవరికో అయిందన్నమాట. వాళ్ళు దాన్ని పడి, లేచి, దానికి పేరు పెట్టి, మళ్ళీ వంట చేసుకోవడానికి వెళ్ళారన్నమాట. అందుకే మనకి కాస్త ధైర్యం. మనం వచ్చిన ఈ చోట మనకంటే ముందు మనవాళ్ళెవరూ లేరు. ఓడ దిగి నేల ఊగినవాళ్ళలో మనమే మొదటివాళ్ళం. దానికి మాట మన అమ్మలకి ఎక్కడినుంచి వస్తుంది? అయినా నేను అమ్మ పేరే చెప్పాను. నేను చెప్పానంటే ఎవరికి ధైర్యం వస్తుంది?

నాలుగోది చెప్పడానికి నాకు ఈ కాగితమంతా పట్టింది. (సత్యారావూ, ఇక్కడినుంచి మెల్లగా.)

బోర్డు లెక్కలో అది నాలుగోది గాని, పుట్టుకలో అదే మొదటిది. అరవై ఒకటిలో కాసులమ్మ కొత్తగా వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల. పెళ్ళిలో మా అమ్మని ఒక్కసారి చూసింది, అంతే. సాయంత్రం వంట కాగానే జెట్టీ దగ్గరికి వచ్చి సముద్రం వంక చూస్తూ నిలబడేది. నా డ్యూటీ అయిపోయినా కదిలేది కాదు. నేను పక్కన నిలబడేవాణ్ణి. రెండు నెలలు ఇద్దరం మాట్లాడుకోలేదు. ఏం మాట్లాడాలో నాకు తెలియక, నేను మాట్లాడతానేమోనని ఆమె ఎదురుచూసి.

ఒకరోజు తనే అంది. "ఇలగ సూస్తుంటే లోపల ఏటో అవుతాది. నాకేనా, అందరికీ అవుతాదా?"

నేను ఏదో ఒకటి చెప్పాలి. "ఓడచూపు అంటారు" అన్నాను. "మా అమ్మ అనేది."

"అత్తకీ ఉండేదా?"

"ఉండేది."

మా అమ్మ జన్మలో ఓడ వంక చూడలేదు. ఆవిడ చూసిందల్లా ఎండబెట్టిన చేపల మీద కాకులు వాలుతున్నాయా అనే. కాసులమ్మ మాత్రం కొంగు దోపుకుని, "అయితే పోతాదిలే. ఇంటికి పద, కూర సల్లారిపోతాది" అంది. ఆ తర్వాత వారానికి ఒకసారి వచ్చేది. ఆ తర్వాత ఓడ వచ్చిన రోజే. ఆ తర్వాత చేపల తట్ట ఎత్తుకుంది, చూడటానికి తీరికలేదు.

ఎన్నో ఏళ్ళ తర్వాత బోర్డు వచ్చింది. ఒకరోజు తనే టీచరుగారి దగ్గర నిలబడి, "మా అత్త ఓడసూపు అనీది తల్లీ, ఈయన సెప్పడు, సిగ్గు. ఈయన పేరు మీద రాయండి" అంది. నేను పక్కనే ఉన్నాను. కాదని చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు. టీచరుగారు, "మీ పేరు రాస్తాను కాసులమ్మగారూ" అంటే, "నాకేటి మాటలొచ్చు తల్లీ" అంది. పంతొమ్మిదేళ్ళూ అదే మాట. నాకేటి మాటలొచ్చు. ప్రతి ఏడాదీ మా అమ్మ తిథినాడు అన్నం పెడుతూ ఇంకో మాట కూడా అంటుంది. "మా అత్త నాకేటీ పెట్టనేదు గానీ, ఆ మాటొకటి ఇచ్చినాది" అని.

కాసులమ్మా. మా అమ్మ ఆ మాట ఇవ్వలేదు. నేనే ఇచ్చాను. నాకు ఇంకేమీ తోచక ఇచ్చాను. ఇంట్లో చెప్పలేక నలుగురిలో, అదీ సత్యారావు గొంతుతో చెప్పిస్తున్నాను. "ఇంటికి రా, సెప్తాను" అంటావని తెలుసు. వస్తాను. నువ్వు చేయబోయేది నిష్ఠూరమే అని ముందే ఒప్పుకుంటున్నాను. సణుగుడు అనను.

టీచరుగారూ, ఇప్పుడు మీరు ఏం చేయాలన్నది మీ ఇష్టం. నాలుగూ కొట్టేస్తే నాకు బాధ లేదు, బోర్డు షరతు మీరు పెట్టింది. కాని పంతొమ్మిదేళ్ళు మీ షరతు వింటూ వచ్చినవాణ్ణి కనక ఒక్కటి అడుగుతాను. ఇంట్లో విన్న మాటే కావాలన్నారు. నేను ఆ మాటల్ని వినలేదు, నిజమే. కాని ఇప్పుడు వినని ఇల్లేది? జిబురు అనే ఇస్త్రీ ఆయన అబద్ధమాడుతున్నాడా? పిల్లోడు జిబురు అని సంబంధం వదులుకున్న గవరమ్మగారు అబద్ధమాడారా? ముప్పై ఏడేళ్ళుగా మా ఇంట్లో ఓడచూపు అనే మాట అంటున్నది ఒక్క మనిషే. ఆవిడ దాన్ని ఒక్కసారి కూడా అబద్ధంగా అనలేదు. కొత్తగా వచ్చిన ప్రతి కోడలు పక్కనా కూర్చుని, "ఓడసూపమ్మా, పోతాది. మా అత్తకీ ఉండీది" అని చెప్పింది. అలా విన్నవాళ్ళు ఈ హాల్లోనే పదిమంది ఉంటారు. వాళ్ళకి పోయింది కూడా.

అందుచేత, ఉంచదలిస్తే ఇలా ఉంచండి. ఆ నాలుగింటి కింద ఇచ్చినవారు అన్నచోట నా పేరు కొట్టేసి, కాసులమ్మ అని రాయండి. ఎవరనేవారు అన్నచోట మా అమ్మని తీసేసి, జంగ్లీఘాటు అని రాయండి. పెద్దాయన ఎంత గట్టిగా అడిగినా అది నిలబడుతుంది. అందులో ఒక్క అక్షరం కల్పన లేదు. నాకు ఇరవై మూడు చాలు. ఆవిడకి మాటలు రావని ఇక ఎవరూ, ఆవిడతో సహా, అనడానికి వీల్లేదు.

అధ్యక్షులవారి నాయనమ్మగారి విషయం మాత్రం మీరూ వారూ కూర్చుని తేల్చుకోండి. నేను మధ్యలో రాను.

ఇంతసేపు ఓపిక పట్టిన సభకీ, తనని తానే ఎకసెక్కెం చేసుకుంటూ తల వంచుకుని చదివిన సత్యారావుకీ, టీ చల్లారిపోతున్నా ఆపకుండా కూర్చున్న వంటవాళ్ళకీ కృతజ్ఞతలు. టీచరుగారికి ఏ మాటతో కృతజ్ఞత చెప్పాలో తెలియదు. ఉన్న మాటలన్నీ ఆవిడ బోర్డు మీద రాసేశారు. కొత్తది కల్పించనని ఇవాళ ఒట్టు పెట్టుకున్నాను.

రెండు చిన్న విషయాలు చెప్పి ఆపేస్తాను. పెట్టె మీద నేను వేసిన ముడిని కత్తితో కోయకండి, తాడు పాడవుతుంది. పొట్టి కొస పట్టుకుని మీ వైపుకి లాగితే దానంతటదే విడిపోతుంది. ఇక రెండోది. మంగళవారం మీరు విశాఖపట్నంలో ఓడ దిగుతారు. మీ చెల్లెలుగారింట్లో గోడ పట్టుకుని నిలబడవలసి వస్తుంది. వాళ్ళు కంగారుపడి డాక్టరు దగ్గరికి పద అంటారు. అప్పుడు వాళ్ళకి మీరేం చెబుతారో చూసుకోండి. ఆ మాట మీ నోటికి దానంతటదే వస్తే నోటుపుస్తకంలో ఉంచండి. రాకపోతే కొట్టేయండి. ఏది జరిగినా, నేల ఆగగానే ఒక కార్డు రాసి పడేయండి. ఆలస్యం చేయకండి. ఓడ వచ్చిన రోజల్లా కాసులమ్మ పోస్టుమాన్‌ని ఆపి అడుగుతుంది, ఏం రాశారని కాదు, ఎవరి మాట అని.

సెలవు.